గుండ్లకమ్మ ఎక్కడ పుడుతుంది? మా ఇంట్లో నలుగురం నాలుగు చెప్పాం

కరవది_కుర్రోడు
మా పాప ఏడో తరగతి. బడిలో 'మీకు దగ్గర్లో ఉన్న నది' అని ప్రాజెక్టు రాసుకురమ్మన్నారు. మాది ఒంగోలు పక్క పల్లె, కాబట్టి గుండ్లకమ్మే. తేలికే అనుకున్నా. "ఇది ఎక్కడ పుడుతుంది నాన్నా?" అని మొదటి ప్రశ్న. మా నాన్న "కంభం చెరువులో" అన్నారు. మా ఆవిడ పుట్టిల్లు అద్దంకి దగ్గర, ఆమె "మార్కాపురం కొండల్లో" అంది. మా అమ్మ "శ్రీశైలం కాడ" అంది. నేను నల్లమల అన్నాను, నల్లమలలో ఎక్కడ అంటే నోరు పెగల్లేదు.

చిన్నప్పుడు ఈ ఏట్లోనే ఈత నేర్చుకున్నా. ఎండాకాలం చెలమ తీసి నీళ్లు తాగాం. కృష్ణ మహాబలేశ్వరంలో పుడుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతా. మన ఏటి సంగతి తెలియదు. నిజంగా బాధేసింది. పాప పుస్తకంలోనూ ఒక్క ముక్క లేదు. తెలిసినవాళ్లు చెప్పండి. పుట్టుక, దారి, పాతకాలం సంగతులు, ఏదైనా సరే.

రైలు_కిటికీ
నల్లమల అన్నది మీరే కాబట్టి మార్కులు మీకే.

కంభం_కట్టమీద
మీ నాన్నగారి తప్పేం లేదు. కింద ఉన్నవాళ్లకు చెరువే మొదలు అనిపిస్తుంది. కానీ చెరువు దానికి మజిలీ మాత్రమే. అసలు పుట్టుక గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర, నల్లమల నడిబొడ్డున. ఇప్పుడది నంద్యాల జిల్లాలోకి వస్తుంది. అక్కడి నుంచి అడవిలోనే వాగుల్ని కలుపుకుంటూ తూర్పుకి దిగుతుంది. మా ఊరి దగ్గర జంపలేరు కూడా కలుస్తుంది. ఆ రెండూ కొండల మధ్య సందులోంచి మైదానంలోకి వచ్చే చోట కట్ట వేశారు. అదే కంభం చెరువు.

పలకా_బలపం
కంభం అన్న చెప్పింది కరెక్టు. మాది మార్కాపురం. మీ ఆవిడకు చెప్పండి, మా ఊరి పక్క నుంచి పోతుంది గానీ మా కొండల్లో పుట్టలేదు. మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనబడుతుంది. వాన పడ్డ రెండు రోజులు మాత్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వదు.

శివరాత్రి_నడక
గుండ్ల బ్రహ్మేశ్వరం నేను వెళ్లాను. మా పెద్దవాళ్లతో శివరాత్రికి, చాలా ఏళ్ల కిందట. గట్టి అడవి. ఇప్పుడు అభయారణ్యం కాబట్టి ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు, అది మంచిదే. గుడి దగ్గర నీళ్లు చూసి మా పెదనాన్న "ఇదేరా మన ఒంగోలు ఏరు" అంటే నమ్మలేదు. పంచె ఎగ్గట్టకుండా దాటేయొచ్చు అంత సన్నగా ఉంది. తర్వాత ఒంగోలు నుంచి బెజవాడ పోతూ మద్దిపాడు దగ్గర హైవే వంతెన మీద బస్సు ఆగినప్పుడు కిందికి చూస్తే ఆ గుడి గుర్తొచ్చింది.

కరవది_కుర్రోడు
@కంభం_కట్టమీద చాలా థ్యాంక్స్ అన్నా. పాప ఇప్పుడే రాసుకుంది. మరి మా అమ్మ చెప్పిన శ్రీశైలం?

కంభం_కట్టమీద
అమ్మగారి మాట పూర్తిగా తీసెయ్యొద్దు. శ్రీశైలం కూడా నల్లమలే కదా. కానీ అక్కడి వాన కృష్ణలోకి పోతుంది, ఇక్కడి వాన గుండ్లకమ్మలోకి వస్తుంది. మధ్యలో కొండల వెన్ను ఉంది. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన పెన్న. రెండు పెద్ద నదుల మధ్య ఇది ఎవరికీ ఉపనది కాకుండా సొంతంగా సముద్రానికి పోతుంది. చిన్నదే, కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. నాకు అందుకే ఇష్టం.

పటం_ముందేసుకుని
పాపకు ఒక విషయం చెప్పండి, పటంలో చూపిస్తే సంతోషపడుతుంది. కంభం, ఈ నది సముద్రంలో కలిసే చోటు, రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉంటాయి. పదిహేనున్నర డిగ్రీల కన్నా కాస్త పైన. గీత గీస్తే తిన్నగా తూర్పుకి నూట ఇరవై కిలోమీటర్లు కూడా రాదు. కానీ గుండ్లకమ్మ అలా పోలేదు. కంభం నుంచి ఈశాన్యంగా మార్కాపురం వైపు, అక్కడి నుంచి ఇంకా పైకి వినుకొండ వైపు ఎక్కి, అక్కడ మలుపు తిరిగి అద్దంకి, మద్దిపాడు మీదుగా దక్షిణానికి దిగి ఒంగోలుకు తూర్పున సముద్రంలో కలుస్తుంది. తిరగేసిన 'వి' అక్షరంలా. అందుకే మొత్తం నడక రెండు వందల కిలోమీటర్లు దాటుతుంది. నేల వాలు ఎటుంటే నీరు అటే కదా.

వినుకొండ_వెంకి
ఇన్ని పోస్టులకు మా ఊరి పేరు వచ్చింది, సంతోషం. గుండ్లకమ్మ అంటే ప్రకాశం జిల్లాదే అన్నట్టు మాట్లాడతారు అందరూ. మాకూ భాగం ఉంది.

రైలు_కిటికీ
భాగం పంచుకోవడానికి నీళ్లుండాలిగా ముందు 😀

పాత_రికార్డుల_గది
వెంకి గారు నవ్వుతూ అన్నా అసలు కిటుకు అక్కడే ఉంది. 'మన ఏటి సంగతి తెలియదు' అని కుర్రోడు బాధపడ్డారు కదా, అది ఎందుకో నా జవాబు ఇది. ఈ నది ఎప్పుడూ ఒక్క జిల్లా చేతిలో లేదు.

1858కి ముందు కంభం, మార్కాపురం కడప జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది కర్నూలుకు మార్చారు. వినుకొండ అప్పటి కృష్ణా జిల్లా. ఒంగోలు నెల్లూరు జిల్లా. అంటే 1900లో ఒక మనిషి గుండ్లకమ్మ వెంట నడిస్తే కర్నూలు, కృష్ణా, నెల్లూరు మూడు జిల్లాల కలెక్టర్ల ఏలుబడి దాటాలి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడి వినుకొండ, ఒంగోలు రెండూ అందులోకి వచ్చాయి. కంభం మాత్రం కర్నూలులోనే ఉండిపోయింది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టింది. కర్నూలు, గుంటూరు, నెల్లూరు మూడింట్లోంచి తలా ముక్క తీసి కలిపారు. 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. అప్పుడు మొదటిసారి కంభం నుంచి సముద్రం దాకా చాలా భాగం ఒక జిల్లాలోకి వచ్చింది. అప్పుడూ వినుకొండ గుంటూరులోనే మిగిలింది.

ఇక కాగితాలు ఎక్కడ ఉంటాయి? చెరువు గురించి కర్నూలు గెజిటీర్లో (సర్కారు వేసిన జిల్లా వివరాల పుస్తకం), అద్దంకి గురించి గుంటూరు రికార్డుల్లో, ఒంగోలు గురించి నెల్లూరు పుస్తకాల్లో. ఎవరి ముక్క వాళ్లు రాశారు. మీ ఇంట్లో నాలుగు జవాబులు రావడం వింత కాదు. ఒక్కొక్కరు వాళ్ల రేవు వరకే చూశారు.

కరవది_కుర్రోడు
ఇది చదివి మా నాన్నకు వినిపించా. "మా నాయన నెల్లూరు జిల్లాలో పుట్టాడు, నేను గుంటూరు జిల్లాలో పుట్టా, నువ్వు ప్రకాశంలో పుట్టావు, ఊరు మాత్రం కదల్లేదు" అన్నారు. మాకు ఎప్పుడూ తట్టలేదు.

అద్దంకి_అనూష
మా అద్దంకి గురించి రాయకుండా చరిత్ర అంటారేంటి? తెలుగులో దొరికిన మొదటి పద్యం మా గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊళ్లో రాయి మీద చెక్కింది. పండరంగని శాసనం, 848. నన్నయ కంటే రెండు వందల ఏళ్ల ముందు. ప్రాజెక్టులో ఇది మొదటి పేజీలో ఉండాలి.

శాసనాల_పిచ్చి
@అద్దంకి_అనూష చెప్పింది నిజం. కొంచెం వివరం కలుపుతా. పండరంగడు వేంగీ చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని. ఆ రాజు పట్టాభిషేకం జరిగిన తొలి ఏడే పండరంగడు సామంతులతో వచ్చి పన్నెండు బోయ కొట్టాలు గెలిచాడని, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేశాడని, కందుకూరును బెజవాడ అంతటి ఊరిని చేశాడని శాసనం చెబుతుంది. పద్యం తరువోజ ఛందస్సు. కింద వచనంలో ఆదిత్య భట్టారకుడికి భూమి ఇచ్చిన సంగతి ఉంది. దీన్ని వెలుగులోకి తెచ్చి చర్చించింది కొమర్రాజు లక్ష్మణరావు గారు.

నాకు ఇందులో నచ్చేది వేరే. బోయ కొట్టాలు అంటే బోయల కోటలు, గూడేలు. అంటే అప్పటికే ఈ ఏటి చుట్టుపక్కల తమ సొంత బలంతో బతుకుతున్న జనం ఉన్నారు. గెలిచినవాడి పద్యం మనకు మిగిలింది. ఓడినవాళ్ల పేర్లు ఒక్కటీ లేవు.

పలకా_బలపం
పాపకు మొదటి పద్యం అని ఒక్క ముక్క చాలు, తరువోజ దాకా పోతే ప్రాజెక్టు వదిలేస్తుంది.

అద్దంకి_అనూష
తక్కువ అంచనా వెయ్యకండి. మా బడిలో ఆరో తరగతి పిల్లలు ఆ పద్యం పాడతారు. తరువోజ పాటలాగే సాగుతుంది, రోకటి పాటకు సరిపోతుంది.

శాసనాల_పిచ్చి
అద్దంకి సంగతి పద్యంతో ఆగదు. 1325 ప్రాంతంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం నిలబెట్టాడు. శ్రీశైలం మెట్లు, అహోబిలం మెట్లు ఆయన కట్టించినవే. ఎర్రన హరివంశం అంకితం ఇచ్చింది ఆయనకే. కాకతీయులు పడిపోయి దేశం అల్లకల్లోలమైన రోజుల్లో, భారతంలో మిగిలిపోయిన అరణ్యపర్వ భాగం పూర్తి చేసిన కవి ఈ ఏటి ఒడ్డున కొలువులో ఉన్నాడు. ఆ తర్వాత అనవోతారెడ్డి రాజధానిని కొండవీడుకు మార్చాడు. అప్పటి నుంచి అద్దంకి వెనకబడింది.

ఇంకొకటి. ఆ కాలం శాసనాల్లో గుండ్లకమ్మను బ్రహ్మకుండి అన్నారు. వేమారెడ్డి ఏయే నదుల ఒడ్డున అగ్రహారాలు ఇచ్చాడో చెప్పేటప్పుడు కృష్ణ, గోదావరులతో పాటు బ్రహ్మకుండి పేరూ ఉంటుంది. అంత పెద్ద నదుల సరసన కూర్చోబెట్టారు దీన్ని.

రేవు_రాయుడు
బ్రహ్మకుండి, గుండ్ల బ్రహ్మేశ్వరం... పేరు అక్కడి నుంచే వచ్చిందన్నమాట. మా వైపు మాత్రం గుండ్లు అంటే గుండ్రటి రాళ్లు, పైన కొండల్లో రాళ్లు దొర్లించుకొస్తుంది కాబట్టి గుండ్లకమ్మ అంటారు.

వినుకొండ_వెంకి
మరి కమ్మ? కమ్మనాడు నుంచి వచ్చిందని మా మాస్టారు చెప్పేవారు.

శాసనాల_పిచ్చి
కమ్మనాడు, కర్మరాష్ట్రం అని ఈ ప్రాంతానికి పాత శాసనాల్లో పేరుంది, అది నిజం. నదిని బట్టి నాడుకు వచ్చిందా, నాడును బట్టి నదికి వచ్చిందా అన్నదాని మీద పండితులే ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు. నా వరకు గుండి, కుండి అన్నదే పాత ముక్క అనిపిస్తుంది.

వేదిక_పెద్ద
పేరు దగ్గర కులాల గొడవలోకి దిగిన రెండు పోస్టులు తీసేశాను. అది ఊరి పేరు, నాడు పేరు. ఆ మాట నదికి సంబంధించినంత వరకే మాట్లాడుకుందాం.

ఒంగోలు_గిత్త
మార్కోపోలో దిగిన మోటుపల్లి రేవు కూడా గుండ్లకమ్మ కలిసే చోటే కదా? కాకతీయ గణపతిదేవుడు వర్తకులకు ఇచ్చిన అభయ శాసనం ఉన్నది. అది కూడా రాయండి.

పటం_ముందేసుకుని
కాదు అన్నా. మోటుపల్లి ఇంకా ఉత్తరాన, చినగంజాం మండలం, చీరాల వైపు. 1244 నాటి గణపతిదేవుడి శాసనం అక్కడిది, నిజమే. కానీ గుండ్లకమ్మ మొగ అది కాదు. రెండిటినీ కలిపి రాస్తే టీచరు సున్నా వేస్తారు.

ఒంగోలు_గిత్త
సరే, దిద్దుకున్నా. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నా.

కంభం_కట్టమీద
చెరువు సంగతి పూర్తిగా చెప్పనివ్వండి. ఇది మామూలు ఊరి చెరువు కాదు. రెండు కొండల్ని కలుపుతూ కట్ట వేశారు. బ్రిటిష్ వాళ్ల గెజిటీర్లో కట్ట ఎత్తు 57 అడుగులు అని రాశారు. పైనుంచి నీళ్లు వచ్చే నేల విస్తీర్ణం 430 చదరపు మైళ్లు. దాని కింద పదివేల ఎకరాల దాకా పారేది. విజయనగర రాజుల కాలం నాటిది. శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని మా ఊళ్లో ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఐదు వందల ఏళ్లు. సిమెంటు లేదు, యంత్రాలు లేవు. ఇప్పటికీ నీళ్లు నిలుస్తున్నాయి.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వాళ్లు వారసత్వ కట్టడంగా గుర్తించారు. అదే ఏడాది కేసీ (కర్నూలు కడప) కాలువకు, పోరుమామిళ్ల చెరువుకు కూడా ఆ గుర్తింపు వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు మా తాత కట్ట మీదికి వెళ్లి కూర్చున్నారు. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఇంటికొచ్చి "మనకు తెలిసిందే వాళ్లకు ఇప్పుడు తెలిసింది" అన్నారు.

బావి_ఎండిన_రైతు
గుర్తింపు పలక తగిలించారు, సంతోషం. చెరువు నిండేది ఎన్నేళ్లకు ఒకసారి? అలుగు పారితే ఊరంతా జాతరలా చూడ్డానికి పోతాం, ఎందుకంటే అంత అరుదు. పైన వానలు తగ్గాయి, చెరువు లోపల పూడిక పేరుకుంది, చుట్టూ బోర్లు ఎక్కువయ్యాయి. మా నాయన రెండు పంటలు పండించిన మడిలో నేను జొన్న వేస్తున్నా.

కంభం_కట్టమీద
@బావి_ఎండిన_రైతు కాదనను అన్నా. కానీ ఆ కట్ట లేకపోతే వచ్చిన ఆ కాసిని నీళ్లు కూడా రెండు రోజుల్లో సముద్రం పాలు. చెరువు నిండిన ఏడు చుట్టుపక్కల బావుల్లో ఊట ఎలా వస్తుందో మీకు నేను చెప్పాలా?

బావి_ఎండిన_రైతు
చెప్పక్కర్లేదు. అందుకే పూడిక తియ్యమని పదేళ్లుగా తిరుగుతున్నా. ఆఫీసులో కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోతోంది, చెరువులోకి మాత్రం రావడం లేదు.

పలకా_బలపం
మా మార్కాపురం, కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టిన పిల్లలు, నడుం వంగిన పెద్దలు ప్రతి వీధిలో ఉన్నారు. ఏట్లో నీళ్లున్న రోజుల్లో చెలమ నీళ్లు తాగినవాళ్లు బాగున్నారని మా నానమ్మ అనేది. బోర్లు లోతుకు పోయే కొద్దీ నీళ్లు చెడ్డాయి. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లు వస్తాయని మా తరం అంతా ఎదురుచూస్తూనే పెరిగాం. 1996లో శంకుస్థాపన. శ్రీశైలం జలాశయం నుంచి కొండ కిందుగా రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. అంత దూరం తవ్వారు, చిన్న పని కాదు. నీళ్లు మా కుళాయిలోకి వచ్చిన రోజు ఇక్కడే వచ్చి రాస్తా.

మద్దిపాడు_మావయ్య
కింద మా దగ్గరి సంగతి రాస్తా. మల్లవరం దగ్గర రిజర్వాయరు ఉంది. కందుల ఓబులరెడ్డి గుండ్లకమ్మ ప్రాజెక్టు. 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రారంభించారు. 15 గేట్లు, సామర్థ్యం 3.859 టీఎంసీలు, 80 వేల ఎకరాల ఆయకట్టు అని లెక్క. కడుతున్నప్పుడు మా బంధువుల ఊరు మునిగింది. ఆ ఊరి రచ్చబండ, వేపచెట్టు ఇప్పటికీ కలలో వస్తాయి మా అత్తకు. పోయినవాళ్ల బాధ పోయినవాళ్లది. అయినా కాలువ కింద మొదటిసారి వరి కోసినప్పుడు మా పొలంలో నేను ఏడ్చాను, సంతోషంతో.

2022 ఆగస్టు చివర్లో మూడో గేటు కొట్టుకుపోయింది. ఆ రాత్రి చప్పుడు విన్నాం. నిండుగా ఉన్న నీళ్లు పోతుంటే ఒడ్డున నిలబడి చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేకపోయాం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత రెండో గేటు కూడా పోయింది. అప్పటికి నారు పోసుకుని ఉన్నాం.

రైలు_కిటికీ
మావయ్యా, ఆ వార్త పేపర్లో రెండు ముక్కలు చదివి వదిలేశాను అప్పట్లో. మీరు చెప్పాక తెలిసింది.

బావి_ఎండిన_రైతు
పైన కట్ట ఐదు వందల ఏళ్లు నిలబడింది. కింద గేటు పదిహేనేళ్లు నిలవలేదు. ఇది కూడా పాప ప్రాజెక్టులో రాయమనండి.

జలవనరుల_పెన్షనర్
ఒక్క మాట. పోలిక సూటిగా లేదు. మట్టి కట్టకు, ఇనుప గేటుకు తేడా ఉంది. కంభం కట్ట రెండు కొండల మీద ఆనుకుని ఉంది, ఎక్కువ నీరు అలుగు మీదుగా దానంతటదే పోతుంది, కదిలే భాగం తక్కువ. గేటు అంటే గొలుసు, రోలరు, రబ్బరు సీలు, తుప్పు. సముద్రానికి దగ్గర, ఉప్పు గాలి. ప్రతి ఏడు రంగు వెయ్యాలి, గ్రీజు పెట్టాలి, అరిగిన భాగం మార్చాలి. ఏడాది వదిలేస్తే లోపల ఏం జరుగుతుందో పైకి కనబడదు. నేను చేసింది ఇంకో ప్రాజెక్టులో, కానీ గేట్లు ఎక్కడైనా గేట్లే. కట్టడానికి వచ్చే డబ్బు నిర్వహణకు రాదు. నా ఉద్యోగం మొత్తం అదే చూశాను.

బావి_ఎండిన_రైతు
అర్థమైంది సార్. తప్పు గేటుది కాదు, చూసుకోనివాళ్లది.

అద్దంకి_అనూష
అద్దంకి, దర్శి వైపు సాగర్ కుడి కాలువ నీళ్లు వస్తాయి. పొలాల్లోంచి మిగిలిన నీరు వాగుల్లోకి, వాగుల్లోంచి గుండ్లకమ్మలోకి దిగుతుంది. కాలువ వదిలిన నెలల్లో మా ఏరు కళకళలాడుతుంది. అంటే ఇప్పుడు మా దగ్గర పారేదాంట్లో కృష్ణ నీళ్లు కూడా ఉన్నాయి. కరవది అమ్మగారి శ్రీశైలం మాట ఒక విధంగా నిజమైంది చూడండి.

కరవది_కుర్రోడు
అమ్మకు చెప్పా. రెండు రోజులు ఆపదు ఇక.

వెల్లంపల్లి_విక్టర్
మా ఊరి సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. 1878 జులై 3. మా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలం. ఆరుగురు పాస్టర్లు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడ్డారట. వచ్చినవాళ్లలో ఎక్కువ మంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు. వాళ్లను ఏరు రానిచ్చింది. మా ముత్తాత తల్లి అందులో ఉంది అని మా ఇంట్లో చెప్పుకుంటాం. మాకు ఈ ఏరు అంటే అది.

ఒంగోలు_గిత్త
అది 1876-78 నాటి ధాత కరువు కాలం కదా. తిండి కోసం మారారని అంటారు.

వెల్లంపల్లి_విక్టర్
@ఒంగోలు_గిత్త అనేవాళ్లు అన్నారు, అప్పుడూ అన్నారు. అందుకే క్లౌ కరువు నడుస్తున్న పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆయనకు సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని పెట్టాడు. మా వాళ్లు తిన్నది కూలి చేసి సంపాదించిన గంజి. వానలు పడి, పని అయిపోయి, సాయం ఆగిపోయిన తర్వాత వచ్చారు ఏటికి. మా బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య అంతకు పదేళ్ల ముందు నుంచే పల్లెల్లో తిరిగి చెబుతున్నాడు. మా వాళ్లకు ఆలోచన లేదనుకోవడం తప్పు.

ఒంగోలు_గిత్త
ఆ పదిహేను నెలల సంగతి తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా విక్టరన్నా.

పాత_రికార్డుల_గది
విక్టర్ గారు రాసింది ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యం అని నా అభిప్రాయం. పద్యం, రాజధాని, చెరువు, ఇవన్నీ రాజులవి. ఇది జనానిది. ఆ బకింగ్‌హాం కాలువ కూడా పెదగంజాం వరకు వచ్చి, సముద్రానికి దగ్గరగా గుండ్లకమ్మను దాటుతుంది. ఉప్పు, ధాన్యం పడవల్లో చెన్నపట్నం పోయేవి ఆ దారినే.

రేవు_రాయుడు
మాది మొగ దగ్గర పల్లె. ఆఖరి పది కిలోమీటర్లు ఏరు తియ్యగా ఉండదు, ఆటుపోటు వస్తుంది. పోటుకు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. పైనుంచి వరద రాని ఏడు మొగ దగ్గర ఇసుక మేట వేసి సన్నబడుతుంది, పడవ బయటికి పోవడం కష్టం. చేపా తగ్గుతుంది. వరద వస్తే మేట తెగుతుంది. పైవాళ్లు 'నీళ్లు సముద్రం పాలయ్యాయి' అంటుంటే మాకు మనసు చివుక్కుమంటుంది. ఆ నీళ్లు రాకపోతే మాకు బతుకు లేదు. రొయ్యల చెరువులు వచ్చాక ఉప్పు ఇంకా లోపలికి పోయింది, మా ఊరి బావి నీళ్లు నోట్లో పెట్టుకోలేం.

కంభం_కట్టమీద
@రేవు_రాయుడు ఆ మాట నేనే అన్నాను పైన. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

మద్దిపాడు_మావయ్య
ఇసుక సంగతి కూడా చెప్పు రాయుడూ. ఒంగోలులో సగం ఇళ్లు ఈ ఏటి ఇసుకతోనే లేచాయి. మా రేవులో చెయ్యి పెడితే నీరు ఊరేది ఒకప్పుడు. ఇసుక తోడేశాక బంకమట్టి తేలింది. ఆ గుంటల్లో దిగి పిల్లలు పోతున్నారు. ఈత నేర్పాలంటే భయం.

వినుకొండ_వెంకి
కుర్రోడు గారూ, పాప ప్రాజెక్టు ఎంత దాకా వచ్చింది?

కరవది_కుర్రోడు
మూడు చార్టులు అతికించి ఒకటే పొడుగు కాగితం చేసింది. ఎడమ చివర గుండ్ల బ్రహ్మేశ్వరం, కుడి చివర రాయుడు గారి మొగ. తిరగేసిన 'వి' ఆకారం. కంభం దగ్గర కట్ట, అద్దంకి దగ్గర రాయి, మల్లవరం దగ్గర 15 గేట్లు, అందులో రెండు ఎర్ర రంగు. వెల్లంపల్లి దగ్గర 2,222 అని రాసి నీళ్లలో చిన్న చిన్న మనుషుల్ని గీసింది. అన్నీ వెయ్యలేకపోయింది, వేలు నొప్పి పుట్టి నలభై దగ్గర ఆపింది. మా నాన్న దాని ముందు కూర్చుని కంభం మీద వేలు పెట్టి, అక్కడి నుంచి వెనక్కి అడవిలోకి జరిపారు. "ఇన్నాళ్లూ ఇంత ముక్క తెలియదు నాకు" అన్నారు. ఆయనకు 74. కంభం చెరువు ఒక్కసారి కూడా చూడలేదట. ఎప్పుడు రావచ్చు అన్నా?

కంభం_కట్టమీద
ఈ ఆదివారమే తీసుకురా తమ్ముడూ. గుంటూరు నంద్యాల రైలు లైనులో కంభం స్టేషనుంది, కారులో అయితే మార్కాపురం మీదుగా. పెద్దాయన కదా, ఏడు గంటల లోపు కట్ట ఎక్కేలా చూసుకో, ఆ తర్వాత ఎండ చురుక్కుమంటుంది. మా తాత కూడా వస్తానంటున్నారు.